మత్తుమందు లేని రోజుల్లో

కాలిలో దిగిన ముల్లును పిన్నీసుతో తీస్తుంటేనే ప్రాణం విలవిలలాడుతుంది. అలాంటిది మత్తుమందు లేకుండా కడుపు కోస్తే? రెండు వందల ఏళ్ల కిందట ఆపరేషన్ అంటే అదే.

అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రం ఉంది. అక్కడ జేన్ క్రాఫర్డ్ అనే ఆమె ఉండేది. పిల్లల తల్లి. 1809లో ఆమె కడుపు బాగా పెరిగింది. అందరూ గర్భం అనుకున్నారు. నెలలు నిండినా కాన్పు కాలేదు. మెక్‌డొవెల్ అనే డాక్టరు వచ్చి చూశాడు. అది బిడ్డ కాదు, అండాశయంలో పెరిగిన గడ్డ! అలాంటి గడ్డను కోసి తీసినట్టు ఆయన ఎక్కడా వినలేదు. ప్రాణానికి అపాయం ఉందన్న మాట దాచలేదు. తన ఊరు వస్తే ప్రయత్నం చేస్తానన్నాడు. జేన్ సరేనంది.

డాక్టరు ఊరు డాన్‌విల్. దాదాపు వంద కిలోమీటర్ల దూరం. పైగా చలికాలం. జేన్ గుర్రమెక్కి వెళ్లింది. జీను ఒరుసుకుని పొట్ట కమిలిపోయింది.

ఆపరేషన్‌కు 25 నిమిషాలు పట్టింది. ఆమెకు తెలివి ఉంది. కత్తి కోత తెలుస్తూనే ఉంది. అంతసేపూ దేవుడి కీర్తనలు చెప్పుకుంటూ ఓర్చుకుందని అంటారు. తీసిన గడ్డ బరువు సుమారు 10 కిలోలు. ఐదో రోజున డాక్టరు వచ్చేసరికి జేన్ లేచి తన పక్క తానే సర్దుకుంటోంది! 25 రోజులకు ఇంటికి బయల్దేరింది. ఆ తర్వాత 32 ఏళ్లు బతికింది.

అందరికీ అలా కలిసిరాలేదు. ఆ రోజుల్లో రోగికి సారాయో నల్లమందో పట్టించేవారు. మనుషులు కాళ్లూ చేతులూ అదిమి పట్టేవారు. లండన్‌లో లిస్టన్ అనే డాక్టరు మూడు నిమిషాల లోపే కాలు తీసేసేవాడు. అంత త్వరగా పని ముగించడమే రోగికి చేయగల మేలు. నొప్పికి జడిసి ఆపరేషన్ వద్దని, రోగంతోనే పోయినవాళ్లు ఎందరో.

1846లో బోస్టన్ నగరంలో ఈథర్ ఆవిరి పీల్పించి ఒకరి మెడమీది గడ్డ తీశారు. మరుసటి ఏడు క్లోరోఫాం వచ్చింది. దాన్ని కాన్పు నొప్పులకూ వాడారు. ఆడవాళ్లు నొప్పులు పడాల్సిందేనని కొందరు అడ్డుపడ్డారు. మరి, పడేది వాళ్లు కాదు కదా!

ఈ కథలో హైదరాబాదుకూ చోటుంది. క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో అక్కడ పరీక్షలు జరిగాయి. అదే ఊళ్లో వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు మత్తు ఇచ్చేవారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెబుతారు.

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి, "ఏమైనా తిన్నావా అమ్మా?" అని అడుగుతారు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ అడగడం. గుక్కెడు టీ తాగినా ఆ మాట చెప్పాలి.