ఏడు శిఖరాల పూర్ణ
నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ, గురుకుల పాఠశాలలో చదువుతూ భువనగిరి గుట్టపై శిక్షణ పొంది, 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టును అధిరోహించారు. బాలికల్లో అతి పిన్న వయస్కురాలు ఆమే; బాలురను కలిపితే అమెరికాకు చెందిన జోర్డాన్ రొమేరో ముందుంటాడు, పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే. ఆమెతో శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ స్వస్థలం, నాటి ఖమ్మం జిల్లాలో ఉన్న, భద్రాచలం అడవుల చేరువలోని చర్ల. ఖండానికొక అత్యున్నత శిఖరం చొప్పున ఎక్కే ‘సెవెన్ సమ్మిట్స్’ను పూర్ణ ఆఫ్రికాలోని కిలిమంజారో మీదుగా సాగించి, 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలితో ముగించారు. ఎవరెస్టుపై మరో మహిళా రికార్డూ గుర్తుంచుకోదగినదే: ఆ శిఖరమెక్కిన తొలి నల్లజాతి ఆఫ్రికా మహిళ, జాంబియాలో పుట్టిన సరాయ్ ఖుమాలో, శిఖరం చేరింది 2019 మే 16న.