దామోదరం సంజీవయ్య గారి జీవితం - హాస్టల్ విద్యార్థికి ఒక పాఠం



అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మనందరికీ తెలిసిందే. 1916లో మొదలైన ఆ కాలేజీని ఒకప్పుడు దత్తమండల కళాశాల అనేవారు. తర్వాత ముఖ్యమంత్రులైన ఇద్దరు అక్కడ చదివారు. ఒకరు మన జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి గారు. ఆయన స్వాతంత్ర్యోద్యమం కోసం 1931లో చదువు మానేశారు. రెండవవారు పొరుగు జిల్లా కర్నూలు నుంచి వచ్చిన దామోదరం సంజీవయ్య గారు. ఆయన 1942లో అక్కడ బి.ఎ. పూర్తి చేశారు. హాస్టల్ అన్నం తిని చదువుతున్న మనం ఈ రెండవవారి జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

బాల్యం, విద్య

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న పెదపాడు గ్రామంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునెయ్య. సెంటు భూమి లేని దళిత కుటుంబం. పసితనంలోనే తండ్రి పోయారు. అన్న చిన్నయ్య కూలి చేసి తమ్ముణ్ణి బడికి పంపారు. ఒకరు చదవాలంటే ఇంట్లో మరొకరు చదువు వదులుకోవాలి. ఈ సంగతి మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు.

బి.ఎ. చేతికొచ్చినా వెంటనే కష్టాలు తీరలేదు. కొంతకాలం గుమాస్తాగా పనిచేశారు. తర్వాత మద్రాసు వెళ్లి 1948లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు.

ప్రజాసేవ

1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరి 11న, 38 ఏళ్ల వయసులో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. 1962 మార్చి 12 వరకు, అంటే రెండేళ్ల రెండు నెలలు మాత్రమే ఆ పదవిలో ఉన్నారు.

ఆ కొద్దికాలంలో సుమారు 6 లక్షల ఎకరాల బంజరు భూమిని పేదలకు పంచారు. 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. వృద్ధులకు పింఛను ఆయన హయాంలోనే మొదలైంది. దీని వెనుక ఒక కథ చెప్పుకుంటారు. ఊరికి వెళ్లినప్పుడు ఆయన తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టారట. నాకంటే నువ్వున్నావు, ఎవరూ లేని ముసలివాళ్ల సంగతేమిటని ఆ తల్లి అడిగిందట.

మన కరువు సీమలో ఆ ప్రశ్న విలువ మనకు తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ ఎండిపోతే అమ్మానాన్నలు బెంగళూరుకు వలస పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, హాస్టల్‌లో పిల్లలు మిగులుతారు. మా ఇళ్లలోనూ అంతే. డి-పట్టా ట్రంకుపెట్టెలో ఉంది, పొలంలో నీళ్లు లేవు. డిగ్రీ పరీక్ష ఫీజు మేము కట్టింది అవ్వ పింఛను డబ్బుతోనే. ఆ అవ్వకు వేలిముద్రే తప్ప సంతకం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది. కానీ అది మొదట ఎవరి కాలంలో వచ్చిందో మేము పి.జి.లో చేరాక గానీ తెలుసుకోలేదు. అందుకు సిగ్గుపడుతున్నాం.

మనం నేర్చుకోవలసింది

సంజీవయ్య గారు తర్వాత కాంగ్రెస్ జాతీయ అధ్యక్షులయ్యారు, కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. 1972 మేలో కన్నుమూశారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. మన హాస్టల్ నుంచి ఎవరైనా అందులో సీటు సాధిస్తే ఎంత బాగుంటుంది!

మా ఇళ్లలో తొలి డిగ్రీ మాదే. ఉద్యోగం వస్తే మా ఇల్లు బాగుపడుతుంది. కానీ అన్న కూలితో చదివిన మనిషి పదవిలోకి వచ్చాక తన అన్న ఒక్కడినే తలుచుకోలేదు, అలాంటి అన్నలందరినీ తలుచుకున్నారు. మనందరం ముఖ్యమంత్రులం కాలేకపోవచ్చు. సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు, పింఛను రాని ఒక్క అవ్వకు దరఖాస్తు రాసిపెట్టగలం. బడి మానేసిన ఒక్క పిల్లవాణ్ణి జూన్‌లో మన హాస్టల్‌కు తీసుకురాగలం. ఈ సంవత్సరం మేము చెరొక పని చేస్తామని మాట ఇస్తున్నాం. తమ్ముళ్లారా, వచ్చే వార్షికోత్సవానికి మమ్మల్ని లెక్క అడగండి. మీ లెక్క కూడా చెప్పండి.