ఒకే దేశము – వేర్వేరు కట్టుబాట్లు



దేశమంతటికీ ఒకే రాజ్యాంగమున్నా కట్టుబాట్ల బిగువు అన్నిచోట్లా ఒకటిగా ఉండదు. అమెరికాను చూద్దాము. 2014లో జెస్సీ హారింగ్టన్, మిషెల్ గెల్ఫాండ్ అను పరిశోధకులు అక్కడి 50 రాష్ట్రములను పోల్చిచూశారు. బడిలో పిల్లలను కొట్టనిస్తారా, మద్యము అమ్మని కౌంటీలెన్ని, మరణశిక్షలెన్ని, పరదేశులెందరు – ఇటువంటి గుర్తులతో కొలిచారు. మిసిసిపీ అన్నిటికంటె బిగువైనదిగా, కాలిఫోర్నియా అన్నిటికంటె సడలినదిగా తేలాయి.

ఎందుకిట్లు? ప్రకృతి వైపరీత్యములు, రోగములు, కొరత ఎక్కువగా చూసిన ప్రాంతములలోనే బిగువు ఎక్కువగా కనబడింది. ఆపదలో ఒకరి మాటకొకరు కట్టుబడకపోతే బ్రతుకు సాగదు గదా! బిగువున్నచోట మత్తు వాడకము, ఇల్లులేనివారు తక్కువ. అయితే చెరసాలలో ఉన్నవారు, వివక్ష ఎక్కువ. సంతోషము, కొత్త ఆలోచనలు తక్కువ. ఇవి సగటు లెక్కలే గనుక మిసిసిపీవారందరూ కఠినులని అనుకోరాదు.

బొంబాయిలో పెరిగిన పిల్ల పెద్దల ఎదుట కాలుమీద కాలు వేసుకొని కూర్చుంటే "పద్ధతి లేదు" అంటాము. బరంపురములోనో బళ్లారిలోనో స్థిరపడిన మనము, తాతలు తెచ్చిన పద్ధతిని మూట విప్పకుండా దాచుకున్నాము. సొంత ఊరిలోనే అది సడలిపోయిందని పెండ్లికి వెళ్లినప్పుడు గాని తెలియదు. అప్పటికి పిల్లలతో మాట పట్టింపులు వచ్చేసి ఉంటాయి.

వచ్చే తరగతికి ఒక పని: మీ ఇంటి కట్టుబాట్లలో మూడింటిని ఎంచుకొని, అవి ఏ అవసరమువలన పుట్టాయో పిల్లలతో కూర్చొని మాట్లాడండి. కారణము దొరకనివాటిని వ్రాసి తెండి. మేమూ మావి తెస్తాము.