మొగ పూడితే ఎవరికి నష్టం?

తడ దగ్గర ఒక పల్లె. పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. ఆ ఊరి ఆడపిల్లను తమిళనాడు వైపు పల్లెకు ఇచ్చారు. పండక్కి ఆమె పుట్టింటికి వచ్చింది. వదినా మరదళ్లు ఎండు చేపలు ఏరుతూ కూర్చున్నారు.

"ఏంది వదినా, గంపలో అడుగు కూడా నిండలా?" అంది మరదలు.

"ఏం నిండుద్దమ్మాయ్? సరస్సులో మోకాటి లోతు నీళ్లు లేవు. ఉన్న నీళ్లు ఒట్టి ఉప్పు. రొయ్య కనపడి నెలయింది. మా వాళ్లు అటు వస్తే మీ వాళ్లు వలలు లాక్కుంటారు."

"మాకు మాత్రం ఏం పడతన్నాయి? మొగ పూడిపోయింది. మా మగాళ్లు పారలు పట్టుకొని ఇసక తీశారు. నాలుగు రోజులకు మళ్లీ పూడింది."

"మీ మొగ పూడితే మాకేం?"

"అక్కడ పూడబట్టే ఇక్కడ నీ గంప ఖాళీ వదినా!"

మరదలు చెప్పింది నిజమేనా? చూద్దాం.

పులికాట్‌ను మన పెద్దలు ప్రళయకావేరి అంటారు. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సముద్రం పక్కన ఉండే ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత ఇదే పెద్దదని చెబుతారు. ఇందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. సూళ్లూరుపేట, తడ ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. మనుషులు గీసిన గీతలు ఇలా మారుతుంటాయి. సరస్సుకు ఆ గీతలు తెలియవు.

సరస్సు సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం. కాగితాల్లో ముఖద్వారం అని రాస్తారు. పేరు ఏదైనా అది సరస్సుకు తలుపు. వానలు పడ్డప్పుడు వాగులు, ఏర్లు సరస్సులోకి మంచినీళ్లు తెస్తాయి. ఆ వరద మొగలో ఉన్న ఇసుకను సముద్రంలోకి నెట్టేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు పోటుకు సముద్రపు నీరు లోపలికి వస్తుంది. ఆటుకు వెనక్కి పోతుంది.

రొయ్య సంగతి చూడండి. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటు నీళ్లతో సరస్సులోకి వస్తాయి. ఇక్కడి బురదలో, నాచులో మేత తిని పెరుగుతాయి. పెద్దవై మళ్లీ సముద్రానికి పోతాయి. పుట్టేది అక్కడ, పెరిగేది ఇక్కడ. తలుపు మూస్తే పిల్ల లోపలికి రాదు.

ఎండాకాలంలో అలలు ఇసుకను తెచ్చి మొగలో పోస్తాయి. పోటు నీరు ఆగిపోతుంది. ఉన్న నీళ్లు ఎండకు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. ఉత్తరం వైపు నేల బీటలు వారుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సుకు అడ్డంగా ఉంది. దాని కింది తూముల గుండానే నీళ్లు అటూ ఇటూ పోవాలి.

ఆంధ్రా వైపు రాయదొరువు దగ్గర ఒక మొగ ఉంది. అది పూడుకుపోయింది. పెద్ద మొగ తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఉంది. అందుకే మరదలి మాట నిజం. మరి మంచినీళ్ల మాట? ఆరణి నది మీద పిచ్చాటూరు దగ్గర రిజర్వాయరు ఉంది. అది ఆంధ్రాలోది. అక్కడి నుంచి నది తమిళనాడులోకి పోయి సరస్సులో కలుస్తుంది. అంటే ఉప్పునీళ్లు వాళ్ల వైపు నుంచి మనకు రావాలి. మంచినీళ్లు మన వైపు నుంచి వాళ్లకు పోవాలి. ఒకరి తలుపు తాళం ఇంకొకరి చేతిలో ఉంది.

పక్షులు కూడా ఈ నీళ్లనే నమ్ముకున్నాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్లలకు మేత కోసం పులికాట్‌కు వస్తాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు. అందుకే ఆ ఊరి రైతులు పక్షుల జోలికి పోరు. చలికాలంలో ఫ్లెమింగోలు గుంపులుగా వస్తాయి. ఆంధ్రా వైపు 1976లో, తమిళనాడు వైపు 1980లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సరస్సు ఒకటే, ప్రకటనలు రెండు.

రెండు వైపులకూ కలిపి ఒకే మాట వచ్చిన సందర్భం కూడా ఉంది. తమిళనాడుకు చెందిన ఎస్. జగన్నాథన్ రొయ్యల చెరువుల మీద కేసు వేశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు తవ్వరాదు అంది. తర్వాత 2005లో రొయ్యల సాగుకు కొత్త చట్టం వచ్చింది.

కలిసి వాడుకోవడం మత్స్యకారులకు కొత్త కాదు. తమిళనాడు వైపు పల్లెల్లో 'పాడు' అనే వంతుల పద్ధతి ఉంది. వల కట్టే మంచి చోట్లు కొన్నే ఉంటాయి. ఎవరు ఏ రోజు ఎక్కడ కట్టాలో చీట్లు వేసి తేలుస్తారు. మంచి పద్ధతే. కానీ ఆ వంతుల్లో ఆడవాళ్లకు పేరు లేదు. అదే సరస్సులో ఇరుళ స్త్రీలు బురదలో చేతులు పెట్టి రొయ్యలు పడతారు. బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటారు. వాళ్లకూ ఆ వంతు లేదు.

నీరు నిలిచే ఇలాంటి నేలలను చిత్తడి నేలలు అంటారు. వీటిని కాపాడటానికి 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రాంసార్‌లో దేశాల మధ్య ఒప్పందం జరిగింది. 1982లో మన దేశం చేరింది. ఒకే నీరు రెండు దేశాల్లో ఉంటే ఇద్దరూ మాట్లాడుకోవాలని అందులో రాసుకున్నారు. దేశాలకే ఆ మాట ఉంటే, పక్కపక్క రాష్ట్రాలకు కష్టమా?

చిలికాలో కూడా మొగ పూడి చేపలు తగ్గాయి. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. పైనుంచి మట్టి కొట్టుకురాకుండా చెట్లు పెంచారు. రెండేళ్లలో చేపల రాబడి ఎన్నో రెట్లు పెరిగింది. అయితే చిలికా ఒకే రాష్ట్రంలో ఉంది. పనికి ఒకే సంస్థ ఉంది. పులికాట్‌కు ఆ వీలు లేదు. ఇటు తవ్వి అటు వదిలేస్తే డబ్బు ఇసుకలో పోసినట్టే.

ఇదంతా విని వదిన కాసేపు మాట్లాడలేదు.

"1992లో సారా మీద లేచినప్పుడు ఒక్క దూబగుంటతో ఆగలేదంట. ఊరూరా కదిలారని మా అమ్మ చెప్పేది. ఇదీ అట్టాంటిదే అమ్మాయ్. అర్జీ తెలుగులో నేను రాస్తా. తమిళంలో మీ పాప రాస్తుందా?"

"రాస్తుంది. ఏమని రాయాలి?"

"ఎండాకాలం రాకముందే రెండు వైపుల ఆఫీసర్లు, రెండు వైపుల పల్లెలు ఒకచోట కూర్చోవాలని. ఆడవాళ్లను కూడా పిలవాలని."

చర్చించండి

మీ ఊరి చెరువులోకి నీళ్లు ఏ ఊరి మీదుగా వస్తాయి? అలుగు నీళ్లు ఏ ఊరికి పోతాయి?

ఆ ఊళ్ల ఆడవాళ్లతో మీరు ఎప్పుడైనా నీళ్ల సంగతి మాట్లాడారా?

వదిన రాయబోయే అర్జీని మీరు రాయండి.