తిరువయ్యారు ఆరాధన తిథి – ఒక పరిశీలనము

తంజావూరునకు ఉత్తరముగా సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరి ఒడ్డున తిరువయ్యారు పట్టణము కలదు. సంస్కృతమున దీనికి పంచనదక్షేత్రమని పేరు. పంచనదీశ్వరుడు ఇచ్చటి స్వామి, ధర్మసంవర్ధని అమ్మవారు. చైత్రమున జరుగు సప్తస్థానోత్సవమునకు ఇదియే మూలస్థానము. కాని ఈ వ్యాసమునకు విషయము స్వామి ఉత్సవములు కావు. ఈ ఊరు తనవారిగా భావించుకొన్న ఇరువురు మహాత్ముల దినములను, అందును ముఖ్యముగా త్యాగరాజస్వామి ఆరాధన తిథిని, ఇచ్చట పరిశీలింప దలచితిని. ఆరాధనోత్సవ సంగీతమును గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. ఆ తిథిని గూర్చి ఆలోచించినవారు అరుదు.

ముందుగా అప్పరు దినము. క్రీ.శ. 7వ శతాబ్దమునకు చెందిన ఈ శైవభక్తుడు కైలాసదర్శనము కోరి ఉత్తరదిక్కునకు పయనమై, నడువలేక, ప్రాకలేక, దేహము శిథిలముకాగా ఒక సరస్సున మునిగి తిరువయ్యారు కోనేటియందు లేచెననియు, అచ్చటనే కైలాసమును గాంచెననియు శేక్కిళారు పెరియపురాణమున చెప్పెను. ఆడి అమావాస్యనాడు తిరువయ్యారులో నేటికిని ఈ దర్శనోత్సవము జరుగుచున్నది. అప్పరు ముక్తినొందినది తిరుప్పుగలూరున. ఆయన గురుపూజ చిత్తిరై మాసమున శతభిషా నక్షత్రమునందు. కావున తిరువయ్యారు జరుపునది ఆయన జననమును గాదు, నిర్యాణమును గాదు. తన నేలపై ఆయన చూచినదానిని ఈ ఊరు పండుగగా చేసికొన్నది.

మహాత్ముల దినములను లెక్కించు పద్ధతులు మన దేశమున పలువిధములు. ఆళ్వారులకు జన్మనక్షత్రము ప్రధానము. నాయన్మారులకు ముక్తినక్షత్రము ప్రధానము. ఈ రెండును సౌరమాసముతో కూడిన నక్షత్రగణనములే. స్మార్తులయందును యతులయందును తిథియే ప్రమాణము. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళ ద్వితీయనాడు. తాళ్లపాక అన్నమాచార్యుల వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు. దర్గాలలోని ఉరుసు అను మాటకు వివాహమని అర్థము. క్రైస్తవ సంప్రదాయమున సాధువు మరణదినమును పరలోకమున పుట్టిన దినముగా భావింతురు. పోయిన దినమునే పండుగగా చేయుట ఒక్క మతమునకే చెందిన ఆచారము కాదు.

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించిరి. ఇంటిపేరు కాకర్ల. పరాభవనామ సంవత్సర పుష్య బహుళ పంచమి, అనగా 1847 జనవరి 6వ తేదీన, తిరువయ్యారులో సిద్ధిపొందిరి. అంతకు కొలది దినములు ముందు ఆపత్సన్న్యాసము స్వీకరించిరి. ఇంతవరకు అందరును ఎరిగినదే. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. తమిళ బ్రాహ్మణులు శ్రాద్ధతిథిని సౌరమాసముతో కూర్చి లెక్కింతురు. 1847లో మకరసంక్రమణము జనవరి 12 ప్రాంతమున వచ్చినది గనుక జనవరి 6 ధనుర్మాసములోనిది, అనగా తమిళుల మార్గళి. ఆ లెక్కను అనుసరించినయెడల ఆరాధన యేటేట మార్గళి కృష్ణపంచమినాడు జరుగవలసియుండెను. సంక్రాంతి దాటి ఎన్నడును రాకూడదు. మరి జరుగుచున్నదేమి? 2023లో ఆరాధన జనవరి 11న వచ్చినది. ఆ యేడు రెండు లెక్కలును ఏకీభవించినవి. 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చినది. ఈ రెండు సంవత్సరములలో మార్గళి కృష్ణపంచమి సుమారొక నెల ముందే గడచిపోయినది. దీనినిబట్టి ఆరాధన చాంద్రమాన పుష్యమునే అనుసరించుచున్నదని స్పష్టము. అదియును అమాంత పుష్యము. ఉత్తరదేశపు పూర్ణిమాంత గణనమున ఆ పక్షము మాఘకృష్ణమగును. అమాంత చాంద్రమానము తెలుగువారి పంచాంగము. చుట్టును సౌరమానము నడచు తమిళసీమలో, తమిళులు మిక్కుటముగా పాల్గొను ఉత్సవము తెలుగింటి శ్రాద్ధతిథిని విడువక పట్టుకొనియున్నది. కృతుల భాష తెలుగని గర్వించు మనము ఆ దినముకూడ తెలుగేయని గుర్తింపకుండుట చిత్రము.

ఇక అధికారవిషయము. ఇచ్చటనే అసలు చిక్కు కలదు. శ్రాద్ధమునకు కర్త కావలెను. త్యాగరాజస్వామికి పుత్రసంతానము లేదు. కుమార్తె సీతాలక్ష్మి, ఆమె కుమారుడు సంతానము లేకయే గతించెను. అంతటితో వంశము నిలిచినది. పైగా స్వామి యతిగా సిద్ధిపొందిరి. యతికి దహనము లేదు, ఏకోద్దిష్టము లేదు, సపిండీకరణము లేదు. పార్వణము, నారాయణబలి మాత్రమే విహితములు. వంశస్థులు లేనియెడ అధికారము శిష్యులకు సంక్రమించుట ధర్మశాస్త్రసమ్మతము. తిల్లైస్థానము, ఉమయాళ్పురము, వాలాజాపేట శిష్యపరంపరలవారు ఎవరి ఇండ్లలో వారు ఆ తిథిని పాటించుచు వచ్చిరి. ఊరిలోని సమాధి మాత్రము పాడుపడినది. 1903 ప్రాంతమున ఉమయాళ్పురము కృష్ణ భాగవతరు, సుందర భాగవతరు దానిని వెదకి బాగుచేయించిరి. 1908 నుండి తిల్లైస్థానము శిష్యులు ఉత్సవముగా జరుపసాగిరి. అల్పకాలములోనే వారు రెండు పక్షములైరి: పెద్ద కట్చి, చిన్న కట్చి. శిష్యత్వమువలన వచ్చిన అధికారమునకు భాగస్వాములు పలువురు. కలహము కలుగుటలో ఆశ్చర్యము లేదు.

ఆ రెండు పక్షములకును ఒక్క విషయమున మాత్రము భేదము లేకుండెను. స్త్రీలు అచ్చట పాడరాదు. నాగస్వరవిద్వాంసులకు కూడ గాయకులతో సమానస్థానము లేకుండెను. శ్రాద్ధదృష్టితో చూచువారికి ఇది సహజముగనే తోచియుండును. ఆ దృష్టినే మార్చినది బెంగళూరు నాగరత్నమ్మ. ఆమె దేవదాసీ కులమున 1878లో జన్మించినది, సంస్కృతాంధ్రములు చదివినది, 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును పరిష్కరించి ప్రకటించి, అందువలన నిందలను, నిషేధమును ఎదుర్కొన్నది. సమాధి దుస్థితిని గురువు బిడారం కృష్ణప్ప వలన తెలిసికొని, ఆ స్థలమును సంపాదించి, 1921లో శంకుస్థాపన చేయించి, తన సొమ్ముతో ఆలయము కట్టించి, స్వామి విగ్రహమును ప్రతిష్ఠింపజేసినది. అయినను ఆమెకు అచ్చట పాడుటకు అవకాశము దొరకలేదు. 1927 నుండి ఆమె స్త్రీలతో ఆలయము వెనుకభాగమున వేరుగా ఆరాధన జరిపినది. అది మూడవ కట్చి.

నాగరత్నమ్మ చేసిన కార్యమును కేవలము ఔదార్యముగా చెప్పుట చాలదు. శాస్త్రదృష్టితో చూడవలెను. సమాధి ఉన్నంతవరకు ఆ దినము శ్రాద్ధము. శ్రాద్ధమునకు కర్త నియతుడు. విగ్రహము ప్రతిష్ఠితమైన తరువాత అది దేవాలయము. దేవునియెదుట గానము చేయుటకు గోత్రము, శిష్యపరంపర అడుగువారు లేరు. పైగా ఆలయములలో గాననృత్యసేవ ఏ కులమువారి వృత్తియో ఆ కులము స్త్రీయే ఈ మార్పును తెచ్చినది. ఆమె ఎవరితోను వాదించి గెలువలేదు. వాదము నడచుచున్న భూమినే మార్చివేసినది. ఇట్లు చెప్పుట నా ఊహయేగాని ఆమె మాట కాదు. ఐనను జరిగిన క్రమము దీనికి అనుకూలముగనే యున్నది.

1940–41 ప్రాంతమున ఎస్.వై. కృష్ణస్వామి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు మున్నగువారి ప్రయత్నమువలన మూడు పక్షములును ఏకమైనవి. స్త్రీలకు గానాధికారము లభించినది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగముల పంచరత్నకీర్తనలను అందరును కలసి పాడుటయు అప్పటినుండియే. అనాదిగా వచ్చిన ఆచారమని పలువురు దీనిని భావింతురు, అది పొరపాటు. ఎవరు ముందు, ఎవరు వెనుక అను తగవునకు తావులేని ఉపాయమది. ఒక్క కర్త ఉండవలసిన కర్మయందు వందలమంది ఏకకంఠముతో కర్తలగుచున్నారు.

నేడు ఆరాధనోత్సవము కచేరీల సంతగా మారినదని విచారించువారు కలరు. దినములకొలది, ఒకరి వెనుక ఒకరుగా, కొలది నిమిషములచొప్పున పాడిపోవు గాయకులను చూచినప్పుడు ఆ మాట నిజమే అనిపించును. కాని పంచమి ఉదయము వేరు. త్యాగరాజస్వామి నివసించిన తిరుమంజన వీథి నుండి ఉంఛవృత్తి భజన బయలుదేరును. సమాధి చెంత నాగస్వరము మ్రోగును. పిమ్మట అభిషేకము జరుగుచుండగా పంచరత్నములు సాగును. మిగిలిన దినములు ఏర్పాటుననుసరించి మారవచ్చునుగాని ఈ ఒక్క ఉదయమును తిథియే నిర్ణయించును.

నాగరత్నమ్మ 1952 మే 19న మరణించినది. ఆస్తిని ఈ ఆరాధనకే సమర్పించుచు, దేవదాసీలతో సహా స్త్రీలకు అచ్చటి అధికారమునకు భంగము కలుగరాదని మరణశాసనమున నియమము వ్రాయించినది. ఆమె సమాధి స్వామి సమాధికి ఎదురుగానే, ఆమె విగ్రహము చేతులు జోడించి స్వామివైపు చూచుచున్నట్లు నిర్మింపబడినది.