డెంగీ ఒకసారి వచ్చి పోయిందని ధీమా వద్దు

తట్టు ఒకసారి పోస్తే మళ్ళీ పోయదని మన అమ్మమ్మలు చెప్పింది నిజమే. 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. అంతకు 65 ఏళ్ల ముందు, 1781లో అదే జబ్బు పడి లేచిన ముసలివాళ్లలో ఒక్కరికీ అది మళ్ళీ రాలేదని డెన్మార్క్ వైద్యుడు పానుం రాసిపెట్టాడు.

చిక్కేమిటంటే ఈ నమ్మకాన్ని మనం అన్ని జ్వరాలకూ వర్తింపజేస్తాం. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్‌లలో పిల్లల్ని పెంచుతున్నవాళ్లు డెంగీ విషయంలో అలా అనుకోకూడదు. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. సోకిన రకం నుంచి రక్షణ చాలావరకు జీవితాంతం ఉంటుంది. మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని అడ్డుకోకపోగా, కణాల్లోకి దూరడానికి సాయపడవచ్చు. రెండోసారి జబ్బు ముదిరే ప్రమాదం అందుకే ఎక్కువ. ఢిల్లీలో ఎప్పుడూ ఒకే రకం తిరగదు. 1996లో 400 మందికి పైగా ప్రాణాలు తీసింది రెండో రకం. ఆ తర్వాత మిగతావీ వచ్చాయి.

కాబట్టి మీ పిల్లకి ఇదివరకు డెంగీ వచ్చి ఉంటే ఆ రిపోర్టు దాచండి, డాక్టరుకు ముందే చెప్పండి. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఒంటేలు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. వాంతులతో నీరసించిన పిల్ల నోట్లో బొప్పాయాకు రసం పోయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

నాలుగు రకాలనూ ఒకేసారి అడ్డుకోవాలి గనకే డెంగీ టీకా తయారీ అంత కష్టం. మన దేశంలో తయారైన ఒక్క డోసు టీకాపై మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో ఈ పక్కనే, రోహ్‌తక్‌లో మొదలైంది.

ఫ్లూ తీరు వేరు. తట్టు బయటపడటానికి పది రోజులకు పైగా పడుతుంది, ఈలోగా శరీరం పాత జ్ఞాపకంతో బలగాన్ని కూడగట్టుకుంటుంది. ఫ్లూ రెండు మూడు రోజుల్లోనే పైకి వస్తుంది, పైగా ఏటేటా రూపు మార్చుకుంటుంది. అందుకే దాని టీకా ఏడాదికోసారి. ఢిల్లీలో ఫ్లూ చలికాలంతో పాటు వానాకాలంలోనూ విజృంభిస్తుంది, కనక మే, జూన్‌లలోనే వేయించండి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు.

హైదరాబాద్ నుంచి బదిలీ మీద వస్తున్నారా? టీకా కార్డును సామాన్ల లారీలో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి. పోయిందా, తట్టు టీకా వేయించామో లేదో గుర్తు లేదా? మళ్ళీ వేయించినా ఏమీ కాదు, డాక్టరునడిగి వేయించేయండి.