శివరాత్రి దాటింది, తామర దుంప దించండి

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. మినుము, పెసర కోతలు ఒక కొలిక్కి వచ్చి పెరటి వైపు చూసే తీరిక దొరికే రోజులివి. ఇంటి ముందు తామర పూయాలని ఆశపడేవారికి ఇప్పటి నుంచి ఉగాది దాటేవరకు మంచి అదను. ఎండ ముదిరేకొద్దీ దుంప కళ్లు తెరుస్తుంది. ఇప్పుడు దించితే రోహిణి కార్తె నాటికి మొగ్గ చూడొచ్చు.

కొలను అనగానే గొయ్యి తవ్వి, టార్పాలిన్ పరిచి, మోటారు బిగించాలనుకుంటారు. అదేమీ అక్కర్లేదు. అడుగున బెజ్జం లేని గుండ్రటి తొట్టి ఒకటి చాలు. మూతి అడుగున్నర వెడల్పు, లోతు అడుగు ఉంటే ఒక దుంపకు సరిపోతుంది. గుండ్రంగానే ఎందుకంటే, తామర తీగ బురదలో గోడ వెంబడి పాకుతుంది. పలకల తొట్టిలో దాని కొన మూలకు పోయి ఇరుక్కుంటుంది. గొడ్లు అమ్మేసిన ఇళ్లలో వాడకుండా పడి ఉన్న పాత కుడితి గోలెం ఇందుకు దివ్యంగా పనికొస్తుంది. కొత్త సిమెంటుదైతే పది రోజులపాటు నీళ్లు నింపుతూ, పారబోస్తూ సున్నం ఘాటు పోగొట్టాకే వాడాలి. మేడ మీద పెట్టేవారు బరువు చూసుకోండి. లీటరు నీరు కిలో తూగుతుంది, తడి మట్టి అంతకన్నా ఎక్కువ. కింద గోడ ఉన్న చోట పెట్టండి, శ్లాబు నడిమధ్య వద్దు. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట తామర ఆకులతోనే సరిపెడుతుంది. అంత ఎండ లేని పెరళ్లలో కలువ మేలు, దానికి నాలుగైదు గంటలు చాలు.

పూలన్నీ అడుగునున్న మట్టి మీదే ఆధారపడి ఉంటాయి. కొబ్బరి పొట్టు కలిపిన కుండీ మిశ్రమం నీళ్లు పోయగానే తెట్టులా పైకి తేలుతుంది. కావాల్సింది చెరువు పూడిక మట్టి, లేదా నల్లరేగడి. పట్నం వాళ్లు సంచుల లెక్కన కొనే ఈ మట్టి మీకు చెరువు గట్టు దిగితే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. కలుపు మందు కొట్టిన మడి నుంచి మట్టి గానీ, ఆ మడి దిగువ కాలువ నుంచి నీళ్లు గానీ తేవద్దు. వరిలో వెడల్పాకు కలుపును చంపే 2,4-డి లాంటి మందుకు తామరా వెడల్పాకు మొక్కే.

తొట్టి అడుగున రెండు అంగుళాల మందాన ఏడాది మాగిన పశువుల ఎరువు, గుప్పెడు ఎముకల పొడి వేసి, పైన ఐదారు అంగుళాలు బంకమట్టి మెత్తగా పిసికి పరవండి. పచ్చి పేడ వేస్తే నీటి కింద మురిగి బుడగలు లేస్తాయి, దుంప కుళ్లుతుంది. దుంపకు కనీసం రెండు కణుపులు, విరగని కొన ఉండాలి. కొన పోయినదాన్ని సగం ధరకిచ్చినా తీసుకోవద్దు. దుంపను అడ్డంగా పడుకోబెట్టి, కొన కాస్త పైకెత్తి తొట్టి మధ్యకు చూసేలా పెట్టి, తేలకుండా చిన్న రాయి ఆనించండి. మొదట్లో మట్టి మీద రెండు అంగుళాల నీరే ఉంచాలి, ఎండకు త్వరగా వేడెక్కుతుంది. ఆకులు లేచాక నాలుగైదు అంగుళాలకు పెంచండి.

గింజ నుంచి పెంచాలనుకుంటే దాని గట్టి పెంకును ఒక చివర గరుకు బండ మీద లోపలి తెల్లటి పప్పు కనిపించేదాకా అరగదీసి, గోరువెచ్చటి నీళ్లలో వేసి, రోజూ నీళ్లు మార్చండి. వారం పది రోజుల్లో ఆకుపచ్చ మొలక వస్తుంది. పూజా సామగ్రి కొట్లో దొరికే తామర మాల గింజలకు నడిమి గుండా బెజ్జం వేస్తారు కాబట్టి అవి మొలవవు. ఆన్‌లైన్‌లో నీలం తామర గింజలంటూ అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. తామరలో నీలం లేదు, ఆ రంగు కలువది.

నాటిన రెండు మూడు వారాలకు నీళ్లు పచ్చబడతాయి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. తొట్టి వంచి నీళ్లు పారబోసి, కొత్తవి నింపుతారు. కొత్త నీళ్లతోపాటు నాచుకు కొత్త మేత వస్తుంది, కదిలిన బురదలోంచి ఎరువు పైకి తేలుతుంది, వారానికల్లా మళ్లీ పచ్చన. కాబట్టి ముట్టుకోకండి. ఆకులు నీటి ముఖాన్ని సగానికి పైగా కప్పితే ఎండ అందక నాచు తనంతట తనే తగ్గుతుంది. ఆవిరైన మేరకు మాత్రం సాయంత్రం పూట నింపుతూ ఉండండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక ఒక రాత్రి బకెట్లో ఉంచి పోయడం మంచిది. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది.

మొదట నాణెమంత ఆకులు నీటి మీద పరుచుకుంటాయి. ఆ తర్వాత కాడ నిలబడి ఆకు గాలిలోకి లేస్తుంది. అది కనిపించేవరకు ఎరువు జోలికి పోవద్దు. కనిపించాక 20 రోజులకోసారి అర చెంచా డీఏపీని కాగితంలో పొట్లం కట్టి, గోడ వారన మట్టిలోకి వేలెడు లోతున గుచ్చండి. యూరియా చల్లే చెయ్యి ఇక్కడ ఊరుకోదు, నాకు తెలుసు. కానీ నీటి మీద చల్లితే తినేది నాచు, చచ్చేది చేపలు.

చేపల మాటకొస్తే, అవి అలంకారం కోసం కాదు. డెంగీ దోమ నిలవ నీటిలో గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని తొట్లన్నీ బోర్లించమంటారు, తామర తొట్టిని బోర్లించలేం. నాలుగైదు గప్పీలు వేస్తే లార్వాను మిగల్చవు. వాటికి మేత వేయకండి, కడుపు నిండితే దోమ పిల్లల వైపు చూడవు. తొట్టి దగ్గర స్ప్రేయరు కడగొద్దు. క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ లాంటివి కొద్దిగా పడినా చేపలు బతకవు. ఆకు మీద పేనుబంక కనిపిస్తే నీళ్లు జోరుగా కొట్టి రాల్చేయండి, లద్దెపురుగును చేత్తో ఏరండి.

ఊదా పూలు బాగున్నాయని గుర్రపుడెక్కను మాత్రం ఇంటికి తేకండి. కొల్లేటిలో అది ఎలా అల్లుకుపోయిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మీ తొట్టిలో ఎక్కువైన ఏ నీటి మొక్కనైనా చెరువులోకి, కాలువలోకి విసరకుండా ఎండబెట్టి పెంటకుప్పలో వేయండి. గప్పీలను కూడా చెరువులోకి, కాలువలోకి వదలొద్దు.

పండుటాకును కోసేటప్పుడు కాడను నీటి మట్టానికి నాలుగు వేళ్లు పైన కోయాలి. కాడ లోపల గొట్టాలుంటాయి, వాటి గుండానే దుంపకు గాలి అందుతుంది. నీటి కింద కోస్తే ఆ దారిలో నీళ్లు దిగి దుంప కుళ్లుతుంది. కోతులు ఆకులు పీకే ఊళ్లలో వల కప్పక తప్పదు. నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో జాలీ తప్పనిసరి.

కార్తీకం తర్వాత ఆకులు పసుపెక్కి వాలిపోతే మొక్క చచ్చిందని తొట్టి ఖాళీ చేయకండి. ఎరువు ఆపి, మట్టి ఎండకుండా నీళ్లుంచితే దుంప అడుగున ఉంటుంది. మాఘంలో తొట్టిని మెల్లగా వంచి చూస్తే ఒక్క దుంప బదులు నాలుగైదు చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి. ఒకటి మీరు నాటుకుని, మిగతావి తడి గోనెలో చుట్టి అడిగినవారికి ఇవ్వండి. పాత బురదను వంగ, బెండ పాదుల్లో వేయండి.